హాన్స్ షార్ఫ్ విచారణ పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడిన మిత్రరాజ్యాల వైమానికులను ఫ్రాంక్‌ఫర్ట్ సమీపంలోని ఓబరూర్సెల్ కేంద్రంలో ప్రశ్నించేవారు. అక్కడ అమెరికన్ ఫైటర్ పైలట్లను విచారించిన హాన్స్ షార్ఫ్ ఖైదీలపై చేయి చేసుకోలేదు. వారిని అడవిలో షికారుకు తీసుకువెళ్ళేవాడు. తనకు అన్నీ ముందే తెలిసినట్లు మాట్లాడేవాడు. అమెరికా ట్రేసర్ తూటాలు తెల్లని పొగ వదలడానికి రసాయనాల కొరతే కారణమని ఒకసారి మాటల మధ్య అన్నాడు. కాదు, తూటాలు అయిపోవస్తున్నాయని పైలట్‌కు తెలిపే సంకేతమది అని ఖైదీ సరిదిద్దాడు. ఖైదీ దృష్టిలో అది రహస్యం చెప్పడం కాదు, పొరపాటు దిద్దడం మాత్రమే!

దీన్ని కేవలం మంచితనంగా భావించరాదు. గూఢచారివి కావని రుజువు చేసుకోకపోతే గెస్టపోకు అప్పగించవలసి వస్తుందన్న హెచ్చరిక ఆ స్నేహం వెనుక ఉండేది.

మరి ఇటువంటి సాన్నిహిత్యాన్ని కొలిచేదెలా? 1990లో టికిల్-డెగ్నెన్, రోజెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అందులో మూడు అంశాలను గుర్తించారు: పరస్పర శ్రద్ధ, సానుకూలత, సమన్వయం. షార్ఫ్‌ను అర్థం చేసుకోవడానికి ఇవి చాలవు. స్వీడన్‌లో గ్రాన్‌హాగ్ బృందం అతని పద్ధతిని ప్రయోగాలలో పరీక్షించినప్పుడు మరో రెండు విషయాలను కొలిచింది: వ్యక్తి ఎంత కొత్త సమాచారం ఇచ్చాడు, ఎంత ఇచ్చానని అనుకుంటున్నాడు. షార్ఫ్ పద్ధతిలో ప్రశ్నించినవారు తాము వెల్లడించినదాన్ని తక్కువగా అంచనా వేసుకునే ధోరణి కనబరిచారు.