మూడు రోజుల సెలవు, ఆ తర్వాత

ఇంట్లో మనిషి పోతే ఉద్యోగికి ఎన్నాళ్లు సెలవివ్వాలి అన్న ప్రశ్న ఫ్యాక్టరీలు, ఆఫీసులతో పాటే పుట్టింది. పల్లెల్లో మైల తీరేదాకా ఇంటికి పలకరింపుకు వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. పెద్దకర్మ అయ్యాకే ఆ ఇంటివాళ్లు మళ్లీ మామూలు పనుల్లో పడతారు. షిఫ్టుల లెక్కలో అన్ని రోజులు ఇమడలేదు. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు వేతన సెలవు ఇచ్చింది గానీ, చావు కోసమని విడిగా ఏమీ ఇవ్వలేదు. దినాలకు ఊరెళ్లే కార్మికుడు ఉన్న సెలవుల్లోంచే వాడుకోవాలి. అమెరికా 1993లో తెచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం తీరు ఇంకా విచిత్రం. జబ్బుపడిన తల్లికి సేవ చేయడానికి 12 వారాల దాకా జీతం లేని సెలవు దొరుకుతుంది. ఆ తల్లి కన్నుమూస్తే ఆ హక్కు అక్కడితో సరి. మిగిలేది కంపెనీ దయతలచి ఇచ్చే మూడు రోజులో, ఐదు రోజులో.

దుఃఖాన్ని వైద్యులు దగ్గరగా పరిశీలించడానికి ఒక అగ్నిప్రమాదం కారణమైంది. 1942 నవంబర్ 28 రాత్రి బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ప్రాణాలతో బయటపడ్డవారిని, ఆప్తులను పోగొట్టుకున్నవారిని చూసిన మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఊపిరి అందనట్టుండటం, ఆకలి చచ్చిపోవడం, పోయినవాళ్ల రూపమే కళ్లముందు ఆడటం, తప్పంతా తమదేనన్న బాధ, ఏ పనీ మునుపటిలా చేయలేకపోవడం అందులో వివరించాడు. ఇవి మూడు రోజుల్లో సర్దుకునేవి కావని ఆ వ్యాసం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. యాజమాన్యాలకు మాత్రం అది చేరడానికి చాలా కాలం పట్టింది.

ఈలోగా దుఃఖంలో ఉన్నవాళ్లే ఒకరికొకరు తోడయ్యారు. 1959లో బ్రిటన్‌లోని రిచ్‌మండ్‌లో మార్గరెట్ టోరీ భర్తలు పోయిన స్త్రీల కోసం క్రూస్ అనే సంస్థను ప్రారంభించింది. 1960ల్లో బోస్టన్‌లో ఫిలిస్ సిల్వర్‌మన్ నడిపిన కార్యక్రమంలో, కొత్తగా భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఇంటికి వెళ్లేది డాక్టరు కాదు, అదే బాధ ముందే పడ్డ మరో స్త్రీ. 1969లో ఇంగ్లండ్‌లోని కావెంట్రీలో పిల్లల్ని కోల్పోయిన తల్లిదండ్రులు ఆసుపత్రి మతగురువు సైమన్ స్టీఫెన్స్‌తో కలిసి కంపాషనేట్ ఫ్రెండ్స్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆయన గమనించింది చిన్న విషయమే: తాను చెప్పే ఓదార్పు కన్నా, ఆ తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నదే వాళ్లకు ఎక్కువ ఆసరా అయింది. తర్వాత వచ్చిన ఆన్‌లైన్ బృందాలన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

కంపెనీలు ఈ దారిలోకి వచ్చింది దుఃఖం వల్ల కాదు, తాగుడు వల్ల. 1940ల్లో డ్యూపాంట్ వంటి అమెరికా సంస్థలు తాగుడు వల్ల పని పాడవుతున్న ఉద్యోగులకు సాయం చేసే పథకాలు పెట్టాయి. 1970ల్లో అవి కాపురంలో కలతలు, అప్పులు, మానసిక సమస్యల దాకా విస్తరించి ఉద్యోగుల సహాయ కార్యక్రమాలయ్యాయి. ఆత్మీయుల మరణం ఆ జాబితాలో ఒకటిగా చేరింది. వీటిలో ఉచితంగా దొరికేవి సాధారణంగా కొద్ది విడతల కౌన్సెలింగే. పైగా చెప్పుకున్న మాట మేనేజరు చెవిన పడుతుందేమోనన్న జంకు ఉద్యోగులను ఎప్పుడూ వదల్లేదు.

తెర మీది సాయం ఆ జంకుకు ఒక విరుగుడైంది. యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చావేదికలోని బృందాల్లో దుఃఖానికంటూ ఒకటి ఏర్పడింది. 1990ల్లో ఈమెయిల్ బృందాలు వచ్చాయి. పేరు చెప్పనక్కర్లేదు, ఆఫీసు వేళలు అడ్డురావు, నిద్ర పట్టని నడిరాత్రి కూడా ఎవరో ఒకరు బదులిస్తారు. గర్భస్రావం, ఆత్మహత్య, విడిపోయిన భాగస్వామి మరణం వంటివాటికి పక్క సీటువాళ్ల సానుభూతి కూడా సరిగా దొరకదు. కెన్నెత్ డోకా 1989లో వెలువరించిన పుస్తకం సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించే. సెలవు చిట్టాలో చోటులేని ఈ బాధలకు ఆన్‌లైన్ బృందాలు చోటిచ్చాయి.

ఆఫీసునూ తెరనూ ఒకచోట చేర్చిన ఘటన 2015 నాటిది. ఫేస్‌బుక్ ఉన్నతాధికారి షెరిల్ శాండ్‌బర్గ్ భర్త ఆ ఏడాది మే 1న హఠాత్తుగా చనిపోయారు. యూదుల ఆచారం ప్రకారం 30 రోజుల సంతాపం ముగిశాక ఆమె తన బాధను ఫేస్‌బుక్‌లోనే రాసింది. 2017లో ఆ సంస్థ దగ్గరి బంధువుల మరణానికి ఇచ్చే సెలవును 20 రోజులకు పెంచింది. అదే ఏడాది ఆమె పుస్తకం ‘ఆప్షన్ బి’తో పాటు ఆన్‌లైన్ బృందాలూ మొదలయ్యాయి. అధికారికి కష్టం వస్తే గానీ నియమం మారకపోవడం మెచ్చుకోదగ్గది కాదు గానీ, మారింది. బ్రిటన్‌లో మార్పు ఒక మామూలు తల్లి పట్టుదలతో వచ్చింది. 2010లో రెండేళ్లు నిండని కొడుకు జాక్ చనిపోతే, ఆ పిల్లవాడి తండ్రికి మూడు రోజుల సెలవే దక్కింది. తల్లి లూసీ హెర్డ్ ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో చేసిన చట్టం 2020 ఏప్రిల్ 6న అమల్లోకి వచ్చి, 18 ఏళ్లలోపు బిడ్డను కోల్పోయిన ఉద్యోగులకు రెండు వారాల సెలవు హక్కు ఇచ్చింది. జనం దాన్ని జాక్ చట్టం అంటారు.

అప్పటికే కోవిడ్ వచ్చిపడింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లలో ఎందరికో విమానాలు లేక, వీసా భయంతో కన్నవాళ్ల కడసారి చూపు దక్కలేదు. దహనం ఫోన్‌లో చూసి, అదే ఇంట్లో అదే కంప్యూటర్ ముందు మళ్లీ పనికి కూర్చున్నారు. మన దేశంలో రెండో విడత ఉద్ధృతిలో టాటా స్టీల్ 2021 మేలో, కోవిడ్‌తో మరణించిన ఉద్యోగి కుటుంబానికి అతనికి 60 ఏళ్లు నిండే నాటిదాకా ఆఖరి జీతం ఇస్తామని ప్రకటించింది. 2022 అక్టోబర్ 10న కేంద్రం ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలి మానస్ సేవను మొదలుపెట్టింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు.

సెలవు విషయంలో అడుగు ఇంకా చిన్నదే. 2022 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం, కాన్పులో లేదా ఆ వెంటనే బిడ్డ చనిపోయిన తన ఉద్యోగినులకు 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. బతికున్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉండాలని, కాన్పు గుర్తింపు పొందిన ఆసుపత్రిలో జరగాలని అందులో షరతులున్నాయి. తండ్రికి ఆ సెలవు వర్తించదు.