లేని టీచరమ్మ నేర్పిన టైపింగ్

మా తరం అమ్మాయిలకు టైపింగ్ అంటే ఇన్‌స్టిట్యూటే. ముందు లోయర్, తరవాత హయ్యర్. గంట బ్యాచ్, వేళ్లకు రిబ్బన్ మరకలు, చిటికెనవేలితో నొక్కితే సగమే పడే 'ఎ' అక్షరం! మా అమ్మాయికి ఆ బాధే లేదు, కంప్యూటర్లో ఆడుకుంటూ నేర్చేసుకుంది. ఈ ఆటలు ఎప్పటినుంచి ఉన్నాయా అని చదవబోతే ఒక టీచరమ్మ కథ దొరికింది.

1981లోనే అమెరికాలో మాస్టర్‌టైప్ అనే ఆట ఉంది. తెర మధ్యలో మన నౌక, నాలుగు మూలల నుంచి దాని మీదకొచ్చే మాటలు. మాటను తప్పులేకుండా కొడితేనే దాడి ఆగుతుంది. పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

అసలు పేరు మాత్రం 1987లో వచ్చిన 'మేవిస్ బీకన్ టీచెస్ టైపింగ్'ది. మనం ఏ అక్షరం దగ్గర తడబడుతున్నామో కనిపెట్టి, దాన్నే మళ్లీ మళ్లీ ఇచ్చేది. మధ్యలో కారు పందెం. వేళ్లు ఎంత వేగంగా కదిలితే కారు అంత వేగం. అట్ట మీద నవ్వుతూ ఒక నల్లజాతి మహిళ. ఆవిడే మేవిస్ టీచర్ అని నమ్మినవాళ్లు బోలెడంతమంది.

తీరా చూస్తే అలాంటి మనిషే లేదు! గాయని మేవిస్ స్టేపుల్స్ నుంచి 'మేవిస్' తీసుకున్నారు, 'బీకన్' అంటే దారి చూపే దీపం. ముఖం రెనే లెస్పెరాన్స్‌ది. హైతీ నుంచి వచ్చినావిడ. బెవర్లీ హిల్స్‌లో ఒక పెద్ద దుకాణంలో సెంట్లు అమ్మే కౌంటర్ దగ్గర ఉండగా కంపెనీవాళ్ల కంట పడింది. తమాషా ఏమిటంటే, ఆవిడకి టైపింగే రాదట!

నల్లజాతి స్త్రీ ముఖం ఉన్న పెట్టెను అమ్మడానికి మొదట్లో కొన్ని దుకాణాలు వెనకాడాయి. న్యూయార్క్ టైమ్స్‌లో మంచి సమీక్ష వచ్చాక గిరాకీ పెరిగింది. నాకైతే ఇదే మనసులో నిలిచిపోయింది. ఆ రోజుల్లో కంప్యూటర్ పెట్టెల మీద అలాంటి ముఖం ఎంత అరుదు! ఎందరో నల్లజాతి ఆడపిల్లలు ఆవిడను చూసి, కంప్యూటర్ మనది కూడా అనుకున్నారు.

తరవాతి పెట్టెల మీదకు వేరే మోడళ్లు వచ్చారు. మేవిస్ పేరు అలాగే ఉంది, రెనే మాత్రం జనానికి కనిపించకుండా పోయింది. ఆవిడను వెతుకుతూ జాజ్మిన్ జోన్స్ అనే నల్లజాతి దర్శకురాలు ఒక డాక్యుమెంటరీ తీసింది, 2024లో.