చికిత్సలో నాలుగవ పాదం

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. రోగికి ఉండవలసినవి జ్ఞాపకశక్తి, ధైర్యం, తన బాధను దాచక తెలియజెప్పగల నేర్పు, చెప్పినట్లు నడచుకొనే విధేయత. అనగా మన పూర్వులు రోగిని మంచంమీది వస్తువుగా భావించలేదు. నాలుగవవంతు భారం అతని భుజంమీదనే పెట్టినారు. కాని ఆ పట్టికలో ప్రశ్నించుట అనే గుణం లేదు. రోగి చెప్పవలెను, పిదప వినవలెను. నిర్ణయం వైద్యునిది.

వైద్యుడు ఇంటికి వచ్చి నాడి చూచే రోజులలో ఈ లోపం అంతగా కనబడేది కాదు. ఇల్లు రోగిది, మంచం రోగిది. ఆ పథ్యం మావల్ల కాదని ఇంటి పెద్దామె మొగంమీదనే చెప్పగలిగేది. ఆసుపత్రి వచ్చిన తరువాత మంచం సర్కారుదైనది, మాట కూడ సర్కారుదైనది.

ఈ సంగతి పెద్దలకు తట్టకపోలేదు. 1943లో నియమితమైన భోర్ సంఘం 1946లో తన నివేదిక సమర్పిస్తూ, ఊరూర అయిదుగురు మొదలు ఏడుగురు సభ్యులతో గ్రామారోగ్య సంఘాలుండవలెనని సూచించినది. ప్రజల సహకారం లేనిదే ఆరోగ్యశాఖ ఎంత పెరిగినా ప్రయోజనముండదని దాని తాత్పర్యం. నివేదికలోని ఆసుపత్రులలో కొన్ని లేచినవి. సంఘాలు మాత్రం చాలవరకు కాగితంమీదనే నిలిచినవి.

సముద్రాల కావల ఈ పని మరొక దారిన నడచినది. 1972లో వేల్స్‌లోని బొగ్గుగనుల ప్రాంతమైన అబర్‌డేర్‌లో డాక్టర్ ఆలిస్టర్ విల్సన్, ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని బెరిన్స్‌ఫీల్డ్ గ్రామంలో డాక్టర్ పీటర్ ప్రిచర్డ్ తమ వద్దకు వచ్చే రోగులనే ఒక సంఘంగా కూర్చుకొన్నారు. దవాఖానా ఎట్లు నడుస్తున్నదో, ఎక్కడ ఇబ్బంది కలుగుతున్నదో రోగులు చెప్పుట, వైద్యుడు జవాబిచ్చుట; ఇంతే ఏర్పాటు. 1978లో ఇటువంటి సంఘాలకు ఒక జాతీయ సమాఖ్య ఏర్పడినది. 2015 నుండి ఇంగ్లండులోని ప్రతి స్థానిక వైద్యుని దవాఖానాకు ఇది ఒప్పందపు నిబంధన అయినది. ఇద్దరు డాక్టర్ల పట్టుదల శాసనమగుటకు నలుబదిమూడేండ్లు పట్టినదన్నమాట. మనం నిరాశపడనక్కరలేదు గాని, తొందరపడవలసిన కారణాలు మనకే ఎక్కువ.

మన దేశంలో 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణారోగ్య మిషన్ భోర్ సంఘపు పాత సూచనకు మరల ప్రాణం పోసినది. గ్రామాలకు ఆరోగ్య, పారిశుద్ధ్య సంఘాలు, ఆసుపత్రులకు రోగి కల్యాణ సమితులు వచ్చినవి. పేరు రోగిది; ఆ సమావేశాలలో రోగికి కుర్చీ ఎంతవరకు దొరికినదో మనకందరికీ తెలియనిది కాదు.

ఇక మన ఇంటి ముంగిటి సంగతి. నాదర్‌గుల్ అనగానే శిక్షణ విమానాలు ఎగిరే మైదానం గుర్తుకు వస్తుంది. ఆకాశంలోకి చూడ నేర్చిన ఆ ఊరికి ఇబ్రహీంపట్నం దూరం కాదు. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో 2022 ఆగస్టు 25న 34 మంది స్త్రీలకు లాపరోస్కోపు పద్ధతిలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. వారం తిరగకుండానే నలుగురు మరణించినారు. మిగిలినవారిని హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులకు తరలించినారు. సూక్ష్మజీవులు సంక్రమించుటయే కారణమని ప్రభుత్వం ప్రకటించి, విచారణానంతరం పలువురిపై చర్య తీసికొన్నది. వచ్చినవారు జబ్బుపడినవారు కారు. పిల్లలు చాలుననుకొని నడచి వచ్చిన ఆరోగ్యవంతులైన తల్లులు.

ఆ స్త్రీలు మరింత శ్రద్ధగా సంతకం చేసియుంటే సూక్ష్మజీవులు వెనుదిరిగేవని నేననను. సమ్మతిపత్రం పరికరాలను శుద్ధి చేయదు. కాని చూడండి: శస్త్రచికిత్స చేయించుకొనుటయా, మానుటయా అనేదొక్కటే వారి చేతిలోని నిర్ణయం. ఒక్కనాడు ఎందరికి చేయవలెను, ఎన్ని లాపరోస్కోపులున్నవి, ఒకరికి వాడినదానిని మరొకరికి వాడేలోపల ఎంతసేపు శుద్ధి చేస్తారు, ఇంటికి పోయినాక జ్వరం వస్తే ఎవరిని పిలువవలెను? ప్రాణం ఆధారపడిన ప్రశ్నలు ఇవి. ఒక లాపరోస్కోపుతో తడవకు తడవకు నడుమ వ్యవధి కావలెనని తెలిసిన రోగి ఆ పూట జాబితా ఎంత పొడవో అడుగకుండా ఉండదు. వీటిని ముందుగా అడుగవలసిన చోటు ఆపరేషను బల్ల కాదు, రోగి కల్యాణ సమితి.

ఇవి కొత్తగా పుట్టిన ప్రశ్నలు కావు. 2012 జనవరిలో బీహారులోని అరరియా జిల్లాలో ఒక పాఠశాలలో రెండు గంటలలో 53 మంది స్త్రీలకు ఇదే శస్త్రచికిత్స జరిగినది. దానిపై దేవికా బిశ్వాస్ సుప్రీంకోర్టునాశ్రయించినారు. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాలలో పదిమందికి పైగా స్త్రీలు మరణించినారు. 2016 సెప్టెంబరు 14న తీర్పు వచ్చినది. ఇట్టి శిబిరాలను మూడేండ్లలోపల మాన్పవలెనన్నది అందులోని ఒక ఆదేశం. ఆ గడువు 2019తో తీరినది. ఇబ్రహీంపట్నం సంఘటన 2022 నాటిది.

ఆ తీర్పులో అంతగా ప్రచారంలోకి రాని మాట మరొకటి ఉన్నది. శస్త్రచికిత్స వివరాల పట్టిక స్థానిక భాషలో ఉండవలెను. దానిలోని సంగతులను అర్థమగునట్లు వివరించవలెను. అటుపిమ్మట ఆ మనిషికి సుమారు ఒక గంట విడుపు ఇవ్వవలెను. మనసు మారితే మారుటకు ఆ గంట.

గంట అనగా స్వల్పమే. అయితే పొద్దుటి నుండి ఏమీ తినక, పేరు ఎప్పుడు పిలుస్తారోనని చెవి రిక్కించుకొని వసారాలో కూర్చున్న స్త్రీకి ఆ గంటలో ఒక మాట చెప్పే మనిషి కావలెను. పక్కన అత్తగారుండవచ్చును, ఆశా కార్యకర్త ఉండవచ్చును. వారిద్దరూ రమ్మని తీసికొనివచ్చినవారే. వద్దనిపిస్తే పొమ్మనగల మూడవ మనిషి, పట్టికను తెలుగులో గాని ఉర్దూలో గాని నిదానంగా చదివే మనిషి, ఆ వసారాలో ఒక బల్లవేసికొని కూర్చొనుటకు రోగి కల్యాణ సమితి నిధులలో నుండి జీతమివ్వదలచినచో అడ్డు చెప్పే నిబంధన ఏదీ నాకు కనబడలేదు.