ఇంటి వైరింగుకు మొదట షరతు పెట్టింది ఎవరు?

కొత్త ఇంటికి మీటరు కావాలంటే దరఖాస్తుతో పాటు వైరింగు పూర్తయినట్టు లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకం చేసిన టెస్ట్ రిపోర్టు జత చేయాలి. గోడలు తొలిచి పైపులు వేసి వైర్లు లాగిన మనిషి ఒకరు, ఆ రిపోర్టు మీద సంతకం పెట్టే మనిషి మరొకరు కావడం చాలా ఊళ్లలో మామూలైపోయింది. అందుకే ఆ కాగితాన్ని సర్కారు తగిలించిన తంటాగా చూస్తాం. కానీ ఇంట్లో కరెంటు పని ఇలాగే జరగాలని మొదట పట్టుబట్టింది ఏ సర్కారూ కాదు, ఇల్లు కాలితే డబ్బు కట్టాల్సిన బీమా కంపెనీలు. ఆ పుట్టుక తెలిస్తే, మన దగ్గర ఆ సంతకానికి విలువ ఎందుకు పోయిందో కూడా అర్థమవుతుంది.

ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది 1882 సెప్టెంబరులో. ఆ ఊరి అగ్నిబీమా సంస్థల మండలి అంతకు ముందు ఏడాదే విద్యుద్దీపాలకు నిబంధనలు రాసుకుంది. వారి భయం ఉత్తిది కాదు. కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ ఇంట్లో దీపాలు పెట్టినప్పుడు గోడకు అతికించిన పట్టుబట్టలోని సన్నని జరీ తీగలకు వైర్లు తగిలి మంట రాజుకుందని ఎడిసనే తర్వాత చెప్పుకున్నాడు. లండన్‌లో 1882లో ఫీనిక్స్ అగ్నిబీమా కంపెనీ ఇంజనీరు మస్‌గ్రేవ్ హీఫీ నిబంధనలు తయారుచేశాడు. అదే ఏడాది అక్కడి టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘం కూడా తన నిబంధనలు ప్రకటించింది. 1893 షికాగో ప్రదర్శనలో వైరింగు చూడడానికి బీమా కంపెనీలు పంపిన యువ ఇంజనీరు విలియం మెరిల్ మరుసటి ఏడాదే అక్కడ పరీక్షశాల పెట్టాడు. నేటికీ ఎన్నో విద్యుత్ సామాన్ల మీద కనిపించే ‘యూఎల్’ ముద్ర దాని నుంచి వచ్చిందే. అప్పటికి అమెరికాలో అయిదు రకాల నిబంధనావళులు ఒకదానితో ఒకటి పొసగకుండా నడుస్తున్నాయి. 1896లో అందరూ కూర్చుని మాట్లాడుకుంటే, 1897లో జాతీయ విద్యుత్ నియమావళి వచ్చింది. ఇంత వేగం ఎందుకంటే, ఒక్కో చెడ్డ జాయింటుకూ మూల్యం చెల్లించేది ఆ నిబంధనలు రాసినవారే.

మన దేశంలో వరుస తలకిందులైంది. విద్యుత్తు వల్ల మనుషులకు, ఆస్తులకు ముప్పు రాకుండా బ్రిటిష్ ప్రభుత్వం 1887లోనే చట్టం చేసింది. దార్జిలింగ్ దగ్గర సిద్రపాంగ్ జలవిద్యుత్ కేంద్రం నడిచింది 1897లో, కలకత్తాలో కంపెనీ కరెంటు వచ్చింది 1899లో. అంటే ఈ సరఫరాల కంటే చట్టమే ముందు వచ్చింది. 1903, 1910 చట్టాల తర్వాత, స్వతంత్ర భారతం చేసిన 1956 విద్యుత్ నిబంధనల్లో 45వది మన వైర్‌మ్యాన్ పర్మిట్‌కు ఆధారమైంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడం లాంటివి పోను, వినియోగదారు ఇంట్లో ఏ విద్యుత్ పనైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి, అర్హతా పత్రం ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్న మనిషే చేయాలి అంది అది. కనెక్షన్ ఇచ్చే ముందు సరఫరాదారు ఇంటి వైరింగును స్వయంగా పరీక్షించాలని 47వది చెప్పింది. మాటల్లో ఏ లోటూ లేదు. లేనిదల్లా నష్టపోయే పక్షం. మిల్లులకు, గోడౌన్లకు బీమా ఉంది, బీమా కంపెనీల వైరింగు నిబంధనలూ ఉన్నాయి. మామూలు ఇంటికి బీమా చేయించే అలవాటే మనకు లేదు. ఎర్త్ సరిగా వేయని ఇంట్లో షాక్ కొట్టి మనిషి పోతే, సంతకం చేసిన కాంట్రాక్టరు జేబు నుంచి గానీ చూడకుండా మీటరు బిగించిన సంస్థ ఖాతా నుంచి గానీ రూపాయి కదలడం అరుదు. అక్కడే సంతకం పరీక్షకు గుర్తు కావడం మానేసి అమ్ముడుపోయే సరుకైంది.

బీమా కంపెనీ కాపాడేది ఆస్తిని, ప్రాణాన్ని కాదు గదా, పైగా అది ఉన్నవాడి ఇంటికే వస్తుంది గదా అని అడగవచ్చు. నిజమే. గుడిసెకు బీమా లేదు, అందుకే ప్రభుత్వ తనిఖీ అవసరమన్న వాదనతో నాకు పేచీ లేదు. నేనంటున్నది తనిఖీ చేసేవాడికి తప్పు భారం తగలాలని. ఇంకొకరు ఈ పర్మిట్లన్నీ లంచాలకే దారి, తీసేయండి అంటారు, బ్రిటన్‌ను చూపిస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటి వైరింగు 2005 జనవరిలోనే భవన నిబంధనల కిందికి వచ్చింది. అంతకు ముందు నూటఇరవై ఏళ్లకు పైగా ఆ నిబంధనల కింద అనుమతి అడిగినవారు లేరు. కానీ 1882 నాటి ఇంజనీర్ల నిబంధనలు కూర్పు మీద కూర్పుగా సవరించుకుంటూ వచ్చాయి, వృత్తిలో ఉన్నవారు వాటిని తమవిగా పాటించారు. అయినా చివరికి చట్టం తప్పలేదు. దాని కింద నమోదైన ఎలక్ట్రీషియన్ తన పనికి తానే ధ్రువపత్రం ఇవ్వవచ్చు. చేసిన చెయ్యీ, సంతకం పెట్టిన చెయ్యీ ఒకటే. మన రిపోర్టులో తెగిపోయింది సరిగ్గా ఆ ముడే. పర్మిట్ ఎత్తేస్తే ఆ ముడి పడదు. నిజంగా పని చేసే వైర్‌మ్యాన్‌కే పర్మిట్ అందుబాటులోకి తెచ్చి, అతని పేరే రిపోర్టు మీద ఉండేలా చేస్తే పడుతుంది.

ఏటా దేశంలో పది వేల మందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోతున్నట్టు జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. అందులో పొలాల్లో, లైన్ల కింద పోయినవారూ ఉన్నారు, అంతా ఇంటి వైరింగు పాపమనడం అన్యాయం. అయితే అదే 1956 నిబంధనల్లో 46వదాన్ని మనం దాదాపు మరిచిపోయాం. ఒకసారి కనెక్షన్ ఇచ్చాక కూడా ప్రతి ఇంటి వైరింగునూ అయిదేళ్లు మించకుండా ఇన్‌స్పెక్టరో, ఆయన సహాయకుడో, సరఫరాదారో మళ్లీ పరీక్షించాలని అది ఆదేశించింది. 2010లో కొత్త నిబంధనలు వచ్చేవరకూ, అంటే యాభై ఏళ్లకు పైగా, ఆ వాక్యం పుస్తకంలో ఉంది. ఆ యాభై ఏళ్లలో మీటరు రీడింగు కోసం నెల నెలా మనిషి వచ్చాడు. వైరింగు చూడడానికి మీ వీధిలోకి ఎవరైనా వచ్చారేమో, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.