అంకురార్పణ: పదం, పరమార్థం



ఒక విద్యాలయాన్ని స్థాపించినా, ఒక పథకాన్ని ప్రారంభించినా “అంకురార్పణ జరిగింది” అని పత్రికలు వ్రాస్తాయి. సభలలో వక్తలూ అలాగే పలుకుతారు. ప్రారంభోత్సవానికి పర్యాయపదంగా స్థిరపడిన ఈ మాటకు పుట్టినిల్లు సభావేదిక కాదు; దేవాలయంలోని యాగశాల.

అంకురమంటే మొలక. అర్పణమనే మాటకు ఉంచడమనీ, సమర్పించడమనీ రెండర్థాలున్నాయి. విత్తును మట్టిలో ఉంచడమూ, దానిని భగవంతునికి సమర్పించడమూ ఈ ఒక్క పదంలోనే ఇమిడి ఉన్నాయి. బీజావాపనమని దీనికే మరో పేరు. ఉత్సవాలకూ, ప్రతిష్ఠలకూ ముందు ఈ కర్మను జరిపించాలని వైష్ణవాగమాలూ, శైవాగమాలూ విధించాయి.

తిరుమల క్షేత్రంలో వైఖానసాగమోక్తంగా జరిగే విధానాన్ని చూడండి. బ్రహ్మోత్సవాలలో ధ్వజారోహణానికి ముందునాటి సాయంకాలం స్వామివారి సేనాధిపతియైన విష్వక్సేనులవారు మాడవీథులలో ఊరేగి, నైరృతి దిక్కున ఉన్న వసంతమండపానికి వేంచేస్తారు. అక్కడ భూదేవిని పూజించి మట్టిని సేకరిస్తారు. ఇదే మృత్సంగ్రహణం. ఆ మట్టిని యాగశాలకు తెచ్చి, పాలికలనే పాత్రలలో నింపి, నవధాన్యాలను చల్లుతారు.

ఈ కార్యం రాత్రివేళనే ఎందుకు? ఓషధులకు అధిపతి చంద్రుడు గనుక. తానే చంద్రుడై సకల ఓషధులనూ పోషిస్తున్నానని గీత 15వ అధ్యాయంలో శ్రీకృష్ణపరమాత్మ సెలవిచ్చాడు. మన వివాహాలలోనూ పాలికలలో నవధాన్యాలు చల్లించే ఆచారం ఉంది.

ఇక్కడ ఒక విశేషం గ్రహించాలి. విత్తు చల్లినంతనే కర్మ పూర్తి కాదు. ప్రతిదినమూ నీరు చిలికి మొలకలను కాపాడాలి. అవి పచ్చగా, ఏపుగా పెరిగితే శుభసూచకమని పెద్దల విశ్వాసం. అంటే ప్రారంభం ఎంత ఘనంగా జరిగిందన్నది కాదు, తరువాత ఏం మొలిచిందన్నదే పరీక్ష. శిలాఫలకం మాత్రం మిగిలి, తలపెట్టిన పని కానరాని చోట్లు మనమెరిగినవే. ఉత్సాహంతో మొదలై, నాలుగు రోజులకే అటకెక్కిన పారాయణలు మన ఇళ్లలోనూ లేకపోలేదు.

కనుక అంకురార్పణ అన్నది వేడుక పేరు మాత్రమే కాదు. అది ఒక బాధ్యతను శిరసావహించడం. ఇకపై ఆ మాట పలికేటప్పుడు, మరునాడు నీరు పోసేదెవరని మనలను మనం ప్రశ్నించుకొందాం. నేడు విత్తిన చేయే రేపు నీరు పోయునట్లు శ్రీనివాసుడు మనలననుగ్రహించుగాక!

స్వస్తి.