ముట్టుకోవచ్చు అన్న మ్యూజియం



ఊరినుంచి చుట్టాలొస్తే హైదరాబాదులో మనం సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళతాం. గంటలు కొట్టే బొమ్మ గడియారం ముందు నిలబడతాం. ముసుగు రెబెక్కాను చూసి ముక్కుమీద వేలేసుకుంటాం. పిల్లలకు "ముట్టుకోకండర్రా" అని పదిసార్లు చెప్పి ఇంటికొస్తాం. కళ్లకు పండుగే! కాని అక్కడ మన ఇంట్లో వస్తువు ఒక్కటైనా కనిపిస్తుందా? మ్యూజియం అంటే అంతే కాబోలు అనుకుంటాం. అంతే కానక్కర్లేదని చూపిన ఒక పేట కథ ఈవేళ చెబుతాను.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, నదికి అవతలి ఒడ్డున అనకోస్టియా అనే పేట ఉంది. 1960ల నాటికి అక్కడివారిలో అధికభాగం నల్లజాతివారు, బీదరికం ఎక్కువ. నదికి ఇవతల స్మిత్సోనియన్ సంస్థవారి గొప్ప గొప్ప మ్యూజియములున్నాయి. టికెట్టు కూడా లేదు. అయినా ఈ పేటవాళ్లు వెళ్లేది తక్కువ. డబ్బు అడగనంత మాత్రాన సరిపోతుందా? "ఇది మనబోటివాళ్ల చోటు కాదు" అనిపిస్తే గుమ్మం ఎక్కలేం కదూ!

అందుకని ఆ సంస్థ అధిపతి రిప్లీగారు మ్యూజియాన్నే పేటలోకి పంపాలని తలచారు. మూతపడిన ఒక సినిమాహాలు తీసుకుని, 1967 సెప్టెంబరు 15న తెరిచారు. నడిపే బాధ్యత జాన్ కినార్డ్ అనే యువ మతబోధకుడికి అప్పగించారు. ఆయనకు మ్యూజియం పని కొత్త. ఆ మనుషులు మాత్రం కొత్తకాదు.

లోపల ఏం పెట్టారనుకున్నారు? 1890ల నాటి చిల్లరకొట్టు! కాఫీగింజల మర, వెన్న చిలికే పీపా, నీళ్ల పంపు. పిల్లలు వాటిని చేత్తో తిప్పి చూడవచ్చు. పక్క ఖాళీ స్థలం కంచెమీద పేట కుర్రకారు ఆఫ్రికా జీవితం బొమ్మలు వేశారు. బొమ్మ గీసిన చేయి ఆ చోటును పరాయిదనుకోదు.

ఇంతకన్న పెద్ద సంగతి 1969లో జరిగింది. ఆ పేటను పీడిస్తున్నది ఎలుకలు. అయితే ఎలుకలమీదే ప్రదర్శన పెడదామన్నారు! చెత్త పడేసిన పెరడును అచ్చంగా కట్టి, అందులో బతికున్న ఎలుకల్నే ఉంచారు. అవి ఎలా పెరుగుతాయో, ఏ రోగాలు తెస్తాయో, ఎలా అరికట్టాలో చూపారు. మన బాధ కూడా పదిమంది కలిసి చూసి నేర్చుకోదగిన విషయమేనని ఆ తల్లులకు అప్పుడు తెలిసింది.

కినార్డ్ 1989లో చనిపోయేవరకు ఆ పని విడవలేదు. 1987లో మ్యూజియం అదే ప్రాంతంలో కొత్త భవనంలోకి మారింది, నేటికీ ఉంది.

మన అటకమీద అమ్మమ్మగారి కాఫీమర తుప్పుపట్టి ఉంటుంది. పాతసామాన్లవాడికి వేసేముందు ఒకసారి దింపండి. పిల్లలచేత తిప్పించండి. ఆవిడ ఎన్ని గంటలకు లేచి, ఎంతమందికి కాఫీ కలిపేదో చెప్పండి. అది చరిత్ర కాకపోతే మరేది?