పూటకూళ్ళు

కాట్రేనికోన విడిచి భాగ్యనగరమున కాపురముండు దంపతులు, బలుసుతిప్ప చేపల పులుసు నెరిగిన నాలుకతోనే, జూబిలీ హిల్స్ వీథులలో ఒకనాడు జపానువారి సుషీని, ఒకనాడు ఇటలీవారి పాస్తాను ఎదురెదుర కూర్చుండి ఆరగించు తావును రెస్టారెంటు అనుచున్నారు. బలహీనులకు సత్తువ నిచ్చు మాంసరసమునకు మొదట పేరైన ఈ ఫ్రెంచిమాట, పదునెనిమిదవ శతాబ్దమున పారిస్ నగరమందు ఆ రసము నమ్ము అంగడికే నామమైనది.

అంతకు ఎంతో పూర్వమే మనకు పూటకూళ్ళు అను మాట కలదు. పూట యనగా దినములో నొక భాగము. కూడనగా అన్నము, దాని బహువచనము కూళ్ళు. పూటకింత యని వెల యిచ్చి భుజించునది పూటకూడు. అది పెట్టునది పూటకూటి యిల్లు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమను కావ్యమున, మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులు తిరుగాడిన ఓరుగల్లులో, లక్ష్మణవజ్ఝల పూటకూటి యింట ఒక్క రూకకు కప్పురభోగి అన్నము, గోధుమపిండివంట, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు లభించెడివని వర్ణింపబడినది. గురజాడవారి కన్యాశుల్కమున (1897) పూటకూడు పెట్టు వృత్తియే పూటకూళ్ళమ్మ యను పాత్రకు పేరైనది.

పిదప హోటలు, మెస్సు అను మాటలు ప్రబలి, కూడు అను పదమే నీచార్థమునకు దిగజారినది. అన్నమునకు మన పూర్వులు పెట్టిన పేరు నీచమెట్లగును? ఏ దేశపు వంటనైనను ప్రీతితో భుజింపుడు. పూటకూళ్ళను మాటను మాత్రము మీ బిడ్డలకు మరువక చెప్పుడు.